తలకిందులైన 'ఏ', వెనక్కి తిరిగిన 'ఈ'

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సెకండియర్. దాని డిస్క్రీట్ మ్యాథ్స్ బుక్కు తిరగేస్తే ఇంగ్లీషు 'ఏ' తలకిందులుగా, 'ఈ' వెనక్కి తిరిగి కనిపించాయి. ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్నా. "కాదమ్మా, సింబల్స్, అలాగే రాయాలి" అంది. ఎందుకలా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రింటింగ్ అన్నారు చూడండి, అసలు సంగతికి దగ్గరికే వచ్చారు. ముందు పుట్టింది 'ఈ'. ఇటలీ లెక్కల మాస్టారు పియానో 1897లో "ఇలాంటిది కనీసం ఒకటైనా ఉంది" అని చెప్పడానికి వాడాడు, "ఉంది" అనే మాట అక్కడి భాషల్లో 'ఈ'తోనే మొదలవుతుంది. మామూలుగా రాస్తే ఇంకేదో అనుకుంటారు కదా, అందుకే తిరగేశారు. అప్పట్లో సీసం అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి అచ్చేసేవాళ్లు, కొత్త గుర్తు పోత పోయించాలంటే ఖర్చు, ఉన్న 'ఈ'నే అటు తిప్పి పెడితే పైసా పడదు. (పియానో తర్వాత సొంతంగా ప్రెస్సే కొనుక్కున్నాడు, అంత పిచ్చి.)

'ఏ' చాలా లేటు. 1935లో జర్మనీ ఆయన గెంట్జెన్ తెచ్చాడు, జర్మన్‌లో "ఆలె" అంటే అన్నీ, అందరూ. అంతకుముందు ఇంగ్లండ్ లెక్కల మేధావి రస్సెల్ దీనికి బ్రాకెట్లు వాడేవాడు, కానీ లెక్కల్లో బ్రాకెట్లకి వేరే పనులు బోలెడున్నాయి కదా, అందుకని గెంట్జెన్ 'ఈ'కి జోడీగా 'ఏ'ని తిప్పాడు. చూడ్డానికి ఒకటి తలకిందులు, ఒకటి వెనక్కి అనిపిస్తుంది గానీ రెండూ సగం చుట్టు తిరిగినవే, కావాలంటే కాగితం మీద రాసి తిప్పి చూడండి. "లేదా"కి వాడే 'వి' లాంటి గుర్తు మాత్రం తిరగలేదు, లాటిన్ "వెల్" మొదటి అక్షరం అది.

ఇంతకీ ఇవెందుకంటే, మామూలు మాటల్లో తికమక ఎక్కువండి. "అందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదా, కొందరే వచ్చారా? ఈ గుర్తుల్లో రాస్తే ఆ గొడవుండదు, కానీ వరస తప్పకూడదు. ముందు 'ఏ', తర్వాత 'ఈ' పెడితే ప్రతి తాళానికీ ఏదో ఒక చెవి ఉంది అని, అంటే మన అపార్ట్‌మెంట్ లెక్క. అదే 'ఈ' ముందుకొస్తే, ఒకే చెవి ఉంది, అన్ని తాళాలకీ అదే పడుతుంది. అలాంటిది ఎవరి చేతిలోనైనా ఉంటే మాత్రం మీరు రెండో తాళం కొన్నా లాభం లేదు.