ఐదో పీరియడ్ గురించి పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

తల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. "అన్నం తిని పడుకో, పొద్దున మాట్లాడదాం" అని పెట్టేశాను. ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ అన్నయ్య ఇది ఫోటో తీసి నీకు వాట్సాప్ పెడతాడు. మిగతాది తీరిక చూసుకుని చదువుకో. ముందు మాత్రం ఒక్కటి, బడిలో అడుగు పెట్టగానే చెయ్యి.

ఆ పిల్లాడు వచ్చాడో లేదో చూడు.

నిన్న ఐదో పీరియడ్‌లో అల్లరి చేశాడని నువ్వు వాణ్ణి "బయటికి పో" అన్నావు. వాడు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, సాయంత్రం దాకా తిరిగి రాలేదు. ఫోన్‌లో నువ్వు వాడి పొగరు గురించి చెప్పావు. నాకు మాత్రం మీ ఊరి కాలవ గుర్తొచ్చింది, లారీలు తిరిగే ఆ రోడ్డు గుర్తొచ్చింది. పొద్దున హాజరు పడిన పిల్లాడు సాయంత్రం గంట కొట్టేదాకా మన బాధ్యత. ఎంత కోపం వచ్చినా కంటికి కనపడని చోటికి పంపకు. మరీ అవసరమైతే చివరి బెంచీకి పంపు, గుమ్మం పక్కన నీకు కనపడేలా నిలబెట్టు, అంతకు మించి వద్దు. వాడు రాకపోతే ఇంటర్వెల్ దాకా ఆగొద్దు, ఇంటికి ఫోన్ చేయించు. జరిగింది జరిగినట్టు హెచ్ఎం గారికి నువ్వే చెప్పు. వేరేవాళ్ల నోటి నుంచి వినడం కన్నా నీ నోటి నుంచి వినడం ఆయనకూ నయం.

ఇక నిన్నటి సంగతి. నువ్వు ఎనిమిదో తరగతికి జాతీయోద్యమం పాఠం చెబుతూ బోర్డు మీద రాస్తున్నావు. వెనక నుంచి ఎవడో పిల్లిలా అరిచాడు. క్లాసంతా నవ్వింది. నువ్వు తిరిగి చూసి "ఎవరది?" అన్నావు. ఎవరూ చెప్పలేదు. మళ్లీ బోర్డు వైపు తిరిగావు, మళ్లీ అరుపు. ఈసారి వాడు దొరికాడు. నువ్వు గట్టిగా అరిచావు. వాడు నవ్వాడు. ఆ నవ్వుకే నీ ఒళ్లు మండింది. అంతేగా?

వాడు నిన్ను చూసి నవ్వలేదు తల్లీ. క్లాసులో 40 మంది వాణ్ణే చూస్తున్నారు. పదమూడేళ్ల మగపిల్లాడు అంతమంది ముందు తల దించుకోలేడు. నువ్వు గొంతు పెంచేకొద్దీ వాడికి వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది, నీకూ మూసుకుపోతుంది. 33 ఏళ్లు తెలుగు చెప్పి నేను నీకు ఒక్క మాటే ఇవ్వగలిగితే ఇదే ఇస్తాను: పిల్లాడితో గొడవ క్లాసు ముందు తేల్చుకోకు. క్లాసులో రెండు ముక్కల్లో ఆపేసెయ్. "నీతో తర్వాత మాట్లాడతాను" అని మామూలు గొంతుతో చెప్పి పాఠంలోకి వెళ్లిపో. తర్వాత తప్పకుండా మాట్లాడు. ఈ రెండోది మర్చిపోతే మొదటిది పనిచెయ్యదు.

ఇది నాకు ఊరికే తెలియలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాణ్ణి అందరి ముందు చెంప మీద కొట్టాను. హోంవర్క్ చెయ్యకుండా ఎదురు సమాధానం చెప్పాడు. ఆ రోజుల్లో గోడకుర్చీ వేయించడం, తొడపాశం పెట్టడం, బెంచీ ఎక్కించడం బడిలో మామూలు, నన్నెవరూ తప్పు పట్టలేదు. మర్నాటి నుంచి వాడు రాలేదు. ఐదో రోజు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో పొయ్యి అలుకుతోంది. చేతికి ఆ మట్టి అలాగే ఉంది. "కొట్టినందుకు కాదండీ టీచర్‌గారూ, దెబ్బలు మా ఇంట్లోనూ తింటాడు. ఆడపిల్లలు నవ్వారంట" అంది. వాడు అప్పటికే లారీ మీద క్లీనరుగా వెళ్లిపోయాడు. మళ్లీ బడికి రాలేదు. నేను మళ్లీ ఏ పిల్లాడి మీదా చెయ్యి ఎత్తలేదు.

కాబట్టి స్టాఫ్‌రూమ్‌లో మీ సీనియర్ "రెండు తగిలిస్తే వాళ్లే దారికొస్తారు" అంటే వినకు. ఆయనతో వాదించకు, ఆయన రోజులు వేరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు. అలా చేసినవాళ్ల మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. 2010 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఒక పోస్టు కోసం నువ్వు ఎన్ని రాత్రులు మేల్కొన్నావో నాకు తెలుసు. కానీ ఉద్యోగం పోతుందన్న భయంతో ఆగకు. ఆ అమ్మ చెప్పిన మాట గుర్తు పెట్టుకుని ఆగు.

ఇప్పుడు వాడితో ఏం మాట్లాడాలో చెబుతాను. స్టాఫ్‌రూమ్‌కి పిలవకు, అక్కడ ఐదుగురు టీచర్లు తలా ఒక మాట అంటారు. మీ బడిలో వేపచెట్టు కింద కుళాయి ఉందన్నావుగా, మధ్యాహ్నం పిల్లలు ప్లేట్లు కడుక్కుని వెళ్లిపోయాక అక్కడికి రమ్మను. అందరికీ కనపడే చోటే, మాటలు మాత్రం వినపడవు. "నిన్న నువ్వు వెళ్లిపోయాక నాకు కంగారేసింది. ఎక్కడికెళ్లావురా?" అని అడుగు. అడిగి ఊరుకో. వాడు నేల చూస్తూ నిలబడతాడు, కాలి బొటనవేలితో మట్టి గీకుతాడు. నిమిషం గడుస్తుంది. నువ్వు మాట్లాడకు. ఆ నిమిషం ఓర్చుకోవడమే కష్టం, నాకు చాలా ఏళ్లు చేతకాలేదు. వాడు నోరు విప్పాక, అంతమందిలో అరిచినందుకు బాధగా ఉందని చెప్పు. చెబితే నీ పరువేం తగ్గదు. వాడి చేత మాత్రం సారీ చెప్పించుకోకు. అడిగి చెప్పించుకున్న సారీ వాడికి రెండో అవమానం. "బోర్డు మీద రాసేటప్పుడు అరుపులు వద్దు. బయటికి వెళ్లాలంటే నన్ను అడుగు" అని రెండే రెండు మాటలు చెప్పి పంపెయ్.

అల్లరి పిల్లాణ్ణి క్లాసు లీడర్ని చేస్తే బాగుపడతాడని చాలామంది చెబుతారు. నేను రెండుసార్లు చేసి చూశాను. ఇద్దరూ ఆ పెత్తనం చిన్నవాళ్ల మీద చూపించారు. ఆ పని చెయ్యకు.

అంతకన్నా ముఖ్యం, అల్లరి ఎప్పుడు మొదలైందో చూడు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, పీరియడ్, అల్లరికి ముందు క్లాసులో ఏం జరుగుతోంది, ఈ మూడే రాసుకో. రెండు వారాలు రాస్తే నీకే కనపడుతుంది. 2007లో అనుకుంటా, నా ఎనిమిదో తరగతిలో ఒకడు రోజూ జామెట్రీ బాక్స్ కింద పడేసేవాడు. ఆ రేకు డబ్బా గచ్చు మీద పడి కంపాసు, పెన్సిళ్లు మూల మూలకీ దొర్లిపోయేవి, క్లాసంతా వంగి ఏరేది, పాఠం ఆగిపోయేది. కావాలని చేస్తున్నాడనుకున్నాను. నిజమే, కావాలనే చేశాడు. కానీ నా పుస్తకంలో చూస్తే డబ్బా పడిన ప్రతిసారీ మేం పాఠం వరసగా పైకి చదువుతున్నాం, వాడి వంతుకి ఇంకా ఇద్దరే ఉన్నారు. వాడికి ఒత్తులు రావు. ఎనిమిదికి వచ్చినా "అమ్మ", "అన్న" దాటి చదవలేడు. అది బయటపడకుండా ఉండటానికి తిట్లు తినడమే నయమనుకున్నాడు.

వాణ్ణి ఏమీ అనలేదు. వరసగా చదివించడం మానేశాను. లంచ్‌లో పదిహేను నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎనిమిదో తరగతివాడికి ఒకటో తరగతి వాచకం ఇస్తే చచ్చినా పట్టుకోడు. అందుకని బస్సుల బోర్డులు రాసిచ్చాను. ముందు ఒత్తు లేని ఊళ్లు: గుంటూరు, నరసరావుపేట, వినుకొండ. అవి వచ్చాక సత్తెనపల్లి, మాచర్ల, పిడుగురాళ్ల. తెలిసిన ఊళ్లే కదా, ముందు ఊహించి చదివాడు, తర్వాత అక్షరాలు చూసి చదివాడు. రోడ్డు మీద బస్సు వస్తుంటే పరిగెత్తుకెళ్లి బోర్డు చదివి వచ్చి నాకు అప్పజెప్పేవాడు. సంక్రాంతి దాటేసరికి పద్యం కాకపోయినా పాఠంలో పేరా చదివాడు. డబ్బా పడటం ఎప్పుడు ఆగిందో నేను గమనించనేలేదు.

మీ పిల్లి అరుపుల వాడి సంగతి నాకు తెలియదు, నువ్వే చూడాలి. ఇది మిరప కోతల కాలం కూడా. మీ క్లాసులో ఎంతమంది ఆదివారం కోతకు వెళ్లొచ్చారో సోమవారం అడుగు. కాయ కోసిన చేతులు కడిగినా మంట పోదు. ఆ చెయ్యి పొరపాటున కంటికి తగిలితే వాడు బెంచీ మీద కుదురుగా ఎలా కూర్చుంటాడు? పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉన్నాయని మీ అందరి శక్తీ స్పెషల్ క్లాసులకే పోతోంది. ఎనిమిదో తరగతికి అలిసిపోయిన టీచరు మిగులుతోంది. అది నీ తప్పు కాదు, కానీ పిల్లలకి అది తెలుస్తుంది.

లంచ్ తర్వాతి పీరియడ్ ఎవరికైనా కష్టమే. అన్నం తిని, ఎండలో పరిగెత్తి వస్తారు. గంట కొట్టకముందే గుమ్మం దగ్గర నిలబడు. లోపలికొచ్చే ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలువు. ఇంకా పేర్లు రాకపోతే సీటింగ్ ప్లాన్ గీసుకుని ఈ ఆదివారం కంఠతా పట్టు, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకు. వాళ్లు వచ్చేసరికే బోర్డు మీద ఒక ప్రశ్న ఉండాలి. నువ్వు జాతీయోద్యమం చెబుతున్నావు, పైగా పల్నాడులో చెబుతున్నావు. "మన గొడ్లు అడవిలో మేసినందుకు పన్ను కట్టమంటే మీరేం చేస్తారు?" అని రాసి పెట్టు. మీ క్లాసులో సగం ఇళ్లలో గేదెలుంటాయి. అక్కణ్ణుంచి పుల్లరి గురించి చెప్పు, ఆ పన్ను కట్టేది లేదని నిలబడి 1922లో పోలీసు తూటాలకు ప్రాణం విడిచిన కన్నెగంటి హనుమంతు గురించి చెప్పు. పిల్లిలా అరిచేవాడే ముందు చెయ్యెత్తినా ఆశ్చర్యం లేదు. రాసేటప్పుడు బోర్డుకి పక్కవాటుగా నిలబడు, వీపు పూర్తిగా చూపించకు. ఎక్కువ రాయాల్సింది లంచ్‌కి ముందే రాసి పెట్టుకో. గోల పెరిగితే నువ్వు గొంతు తగ్గించు, నడుచుకుంటూ ఆ బెంచీ పక్కకి వెళ్లి అక్కడే నిలబడి పాఠం చెప్పు.

ఒకడు చేసినదానికి క్లాసందర్నీ శిక్షించకు, నీ వైపు ఉన్న పిల్లలు కూడా అటు పోతారు. వందసార్లు రాయమని ఇవ్వకు, రాయడమంటే అసహ్యం పుడుతుంది. "హెచ్ఎం గారి దగ్గరికి పంపిస్తా" అని రోజూ అనకు.

వాళ్ల అమ్మానాన్నల్ని బడికి పిలిపించాలని ఉందన్నావు. కోతల కాలంలో కూలి మానుకుని వచ్చిన తండ్రి నీ ముందే వాణ్ణి కొడతాడు, నువ్వు ఆపలేవు. రాత్రి ఏడు దాటాక ఫోన్ చెయ్యి. ముందు వాడి గురించి ఒక మంచి మాట చెప్పు, ఉన్న మాటే చెప్పు. ఆ తర్వాత సంగతి చెప్పు. వాడు బడికి వచ్చి ఉంటే మాత్రం, నిన్నటి సంగతి ఈసారికి వాళ్లింటి దాకా తీసుకెళ్లకపోతే నయమని నాకనిపిస్తోంది.

అయితే అన్నీ అల్లరి కింద జమ కట్టకు. ఒకణ్ణి కులం పేరుతో ఏడిపించడం, ఆడపిల్లల మీద చెయ్యి వెయ్యడం, జేబులో గుట్కా, ఒంటి మీద వాతలు, ఇలాంటివి కనపడితే వేపచెట్టు కింద మాట్లాడి వదిలెయ్యకూడదు. ఆ రోజే హెచ్ఎం గారికి కాగితం మీద రాసివ్వు. పిల్లలకి ఆపద అనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది.

హెచ్ఎం గారు అందరి ముందు "క్లాస్ కంట్రోల్ లేదా అమ్మా?" అన్నందుకు నీకు తల కొట్టేసినట్టయిందన్నావు. పాతికేళ్లు దాటిన నీకే అలా ఉంటే పదమూడేళ్ల వాడికి ఎలా ఉంటుందో చూసుకో. ఆయన్ని ఒంటరిగా కలిసి, "సార్, నా లీజర్ పీరియడ్‌లో ఎవరి క్లాసులోనైనా వెనక కూర్చుని చూడొచ్చా?" అని అడుగు. ఏ మంచి హెచ్ఎమ్మూ కాదనడు. మీ బడిలో ఎవరి క్లాసులో పిల్లలు నిశ్శబ్దంగా కాకుండా ఇష్టంగా కూర్చుంటారో చూసి వాళ్ల దగ్గరికే వెళ్లు.

"నేను ఈ ఉద్యోగానికి పనికిరానేమో పెద్దమ్మా" అన్నావు. పనికిరానివాళ్లు పిల్లాడు వెళ్లిపోయాడని రాత్రి పదింటికి ఏడవరు. అన్నం మానెయ్యకు, నిన్న క్యారియర్ మూత కూడా తియ్యలేదని మీ అమ్మ చెప్పింది. ఖాళీ కడుపుతో ఐదో పీరియడ్‌కి వెళ్లకు.

రాత్రి ఫోన్ చెయ్యి. ముందు వాడు వచ్చాడో లేదో చెప్పు.

నీ పెద్దమ్మ