వడ్డేపల్లి కట్ట నుంచి విశాఖ ఇసుక దాకా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 67, మా ఆవిడకు 63. పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తం. డిసెంబర్ల వైజాగ్ కొడుకు దగ్గరికి పోయి మూడు నెలలు ఉంటం. బీచ్‌ల గూడ అంతే దూరం నడవొచ్చా? ఆమెకు బీపీ ఉన్నది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ

జవాబు: నడవొచ్చు. కాకపోతే మొదటి వారమే నాలుగు కిలోమీటర్లూ ఇసుకలో వద్దు. పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది, దిగిన ప్రతిసారీ పైకి లాక్కోవాలి. గట్టి నేల మీద నడకకు పట్టే శక్తికి రెండింతల పైనే ఖర్చవుతుంది. కట్ట మీద అలవోకగా నడిచేవాళ్లకే రెండో రోజుకు పిక్కలు పట్టేస్తాయి. అందుకని నడకంతా బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కానిచ్చి, చివర్లో పది నిమిషాలు తడి ఇసుకలో దిగండి. వారానికో ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోతే చాలు.

తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ నీటివైపు వాలు ఉంటుంది. సముద్రం కుడిచేతివైపు ఉంటే కుడికాలు పల్లంలో పడుతుంది, తుంటి ఒకవైపు ఒరుగుతుంది. ఎంత దూరం పోయారో అంత దూరం అదే అంచున తిరిగి రండి, పల్లం రెండో కాలికి మారుతుంది. పోయేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు ఆటో ఎక్కేవాళ్లకే తుంటినొప్పులు ఎక్కువ.

ఇక వేళ సంగతి. నీళ్లు వెనక్కి తగ్గిన ఆటు సమయంలో గట్టి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున జరుగుతుంది: ఇవాళ ఆరింటికి ఆటు అయితే రేపు ఆరూ యాభైకి. అమావాస్యకూ పున్నమికీ అటూ ఇటూ నీళ్లు బాగా వెనక్కి పోతాయి, అంతే ముందుకూ వస్తాయి. క్యాలెండర్లో తిథి చూసే అలవాటుంటే సగం పని అయిపోయినట్టే.

మీ ఆవిడకు బీపీ అన్నారు గనుక ఒక మాట. ఓరుగల్లు ఎండ పొడి ఎండ, చెమట ఇట్టే ఆరిపోతుంది. సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. మూత్రం ఎక్కువ పోయే రకం బీపీ మాత్ర అయితే తల తిరగవచ్చు. ఫిబ్రవరి నుంచి ఏడున్నరకల్లా ఇల్లు చేరండి. నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. ఉప్పు మజ్జిగ మాత్రం డాక్టరును అడిగాకే.

ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతుకు కూడా దిగవద్దు. వెనక్కి పోయే అల పాదాల కింది ఇసుకను లాగేస్తుంది, ఒక్క క్షణంలో మనిషి కూలబడతాడు. అలలకు వీపు పెట్టి ఫోటోలు దిగడం అసలే వద్దు.

ప్రశ్న: మనుమడు అమ్మమ్మతోనే జలాంతర్గామి, కైలాసగిరి, బొర్రా గుహలు చూస్తనంటున్నడు. నాకేమో మోకాళ్ల నొప్పులు. ఏది ఎక్కాలె, ఏది వదలాలె?
– గృహిణి, కరీంనగర్

జవాబు: కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి ద్వారంలో నడుము వంచి, కాలు ఎత్తి దాటాలి. తల వంచితే కాలు తగులుతుంది, కాలు చూసుకుంటే తల తగులుతుంది. వెనక జనం తోస్తుంటే ఆగి ఊపిరి తీసుకునే చోటు కూడా ఉండదు. పిల్లవాణ్ని వాళ్ల నాన్నతో పంపి, మీరు బయట కూర్చోండి. ఎదురుగా మ్యూజియంగా మార్చి పెట్టిన టీయూ-142 విమానానికి మెట్లున్నా ఇలాంటి ద్వారాలు దాటే బాధ లేదు. జలాంతర్గామికి సోమవారం సెలవు. కైలాసగిరికి రోప్‌వే ఉంది, కారు కూడా కొండ పైదాకా పోతుంది, నిశ్చింతగా వెళ్లండి. బొర్రా వదిలేయండి. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, తడి మెట్లు ఎక్కి రావడమే కష్టం.

ప్రశ్న: నడక అయినంక పొద్దుపోదు. వైజాగ్‌ల మనతోని మాట్లాడేటోళ్లు ఎవరుంటరు?
– సింగరేణి విశ్రాంత ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, పత్రికల బల్ల దగ్గర నాలుగు రోజులు వరుసగా కూర్చోండి, ఐదో రోజు మాటలు వాటంతటవే మొదలవుతాయి. మీ యాస విని “ఏ ఊరండీ” అని వాళ్లే అడుగుతారు. పాటకచేరీలు, నాట్యం ఇష్టమైతే పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లను పొదిగించి, పిల్లలను కడలిలోకి వదులుతారు. టార్చి, ఫ్లాష్ వేయకుండా దూరంగా నిలబడి చూడాలి. వెలుతురు పడితే పిల్లలు నీటివైపు కాక దీపంవైపు నడుస్తాయి. చేపల రేవు చూడాలనుకుంటే ఏప్రిల్ 15 లోపే వెళ్లండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలన్నీ కట్టేసి ఉంటాయి.

ప్రశ్న: గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల కింది బెర్తు దొరకాలంటె ఎట్ల?
– కాజీపేట పాఠకురాలు

జవాబు: టికెట్ తీసేటప్పుడు జనరల్ కోటా కాకుండా సీనియర్ సిటిజన్ కోటా ఎంచుకోండి. పురుషులకు 60, స్త్రీలకు 45 నిండితే వర్తిస్తుంది. ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కొడుకు పేరు కూడా అదే టికెట్‌లో వేస్తే కోటా పోతుంది, ఆయన టికెట్ విడిగా తీయండి.