తాతగారి జపాన్ కత్తి: ఇంట్లో ఉంచుకోవచ్చా, అబ్బాయికి పంపవచ్చా?

ప్రశ్న: మా తాతగారు సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. 1945లో బర్మాలో లొంగిపోయిన జపాన్ అధికారి కత్తి ఒకటి ఆయనతో ఇంటికి వచ్చింది. పిడి, ఒర మిలిటరీవే గానీ లోపలి అలుగు అంతకంటే చాలా పాతదని చూసినవాళ్ళు అంటున్నారు. ఇంట్లో ఉంచుకోవడం నేరమా? టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి, దాన్ని లగేజీలో పెట్టుకునే ఆలోచన మానుకోమనండి.

ఇంట్లో ఉండటం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 4 ప్రకారం, కత్తుల వంటి ఆయుధాలకు కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే లైసెన్సు కావాలి. మీ ప్రాంతం అందులో ఉందో లేదో పోలీస్ కమిషనర్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. పెళ్ళి బరాత్‌లో తిప్పడానికి మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి.

అసలు చిక్కంతా దేశం దాటించడంలో ఉంది. ఆ రోజుల్లో జపాన్ సైనికాధికారులు కత్తిని సొంత డబ్బుతో సమకూర్చుకునేవారు. కొందరు తరతరాలుగా ఇంట్లో ఉన్న అలుగుకే 1934, 1938 నమూనాల మిలిటరీ పిడి, ఒర అమర్చుకున్నారు. చాలామంది ఫ్యాక్టరీ అలుగులు కొనుక్కున్నారు. ఒరలో ఉన్నంతసేపు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అలుగు నూరేళ్లు దాటినదైతే, పిడి 1940 నాటిదైనా సరే, 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుందనే నా అభిప్రాయం. వస్తువు మన దేశంలోనే తయారై ఉండాలని ఆ నిర్వచనంలో లేదు. కేంద్రమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప పురావస్తువును ఎవరూ ఎగుమతి చేయకూడదు. చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, పైగా జరిమానా.

యుద్ధకాలపు ఫ్యాక్టరీ అలుగైతే ఈ చట్టం అడ్డురాదు. ఆయుధ చట్టం సెక్షన్ 10 కింద బయటికి పంపే లైసెన్సు తెచ్చుకోవాలి. అది తెచ్చుకున్నా జపాన్ ఒప్పుకోదు! అక్కడి 1958 చట్టం ప్రకారం మీ అబ్బాయి లాంటివారు 15 సెంటీమీటర్లు, ఆ పైన పొడవున్న కత్తి ఉంచుకోవాలంటే అది కళాఖండంగా రిజిస్టరై ఉండాలి. సంప్రదాయ పద్ధతిలో చేత్తో సాగగొట్టిన వాటికే ఆ రిజిస్ట్రేషన్. ఇచ్చేది కూడా పోలీసులు కాదు, ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యా మండలి. అంటే జపాన్ రమ్మనే పాత కత్తిని మనం వదలం, మనం వదిలేదాన్ని జపాన్ రానివ్వదు. రెండు గడపలూ దాటగలిగేది, యుద్ధకాలంలోనే పాత పద్ధతిలో కమ్మరి చేసిన అలుగు ఒక్కటే.

కాబట్టి ముందు అలుగు వయసు తేలాలి. పిడిలో దాగిన భాగం మీద కమ్మరి పేరో, ఫ్యాక్టరీ ముద్రో ఉండవచ్చు. అలుగు మీదే సీరియల్ నంబరు కొట్టి ఉంటే అది హవల్దార్ స్థాయి వాళ్ళకిచ్చిన 1935 నమూనా. పాతదన్న ఆశ వదులుకోండి. విప్పడానికి మీరే సుత్తి పట్టుకోవద్దు. లోపలి తుప్పును తోమొద్దు, వయసు చెప్పేది అదే.

తర్వాత ఫొటోలతో భారత పురావస్తు సర్వే సంస్థకు దరఖాస్తు పెట్టండి. పురావస్తువా కాదా అన్నది సెక్షన్ 24 కింద వాళ్ళు తేలుస్తారు, ఆ నిర్ణయమే అంతిమం. కాదని సర్టిఫికెట్ వస్తేనే ఎగుమతి లైసెన్సు సంగతి చూడండి. తాతగారి సర్వీసు కాగితాలు, అప్పటి ఉత్తరాలు ఏవైనా ఉంటే దరఖాస్తుకు జతచేయండి.