ఇంట్లో బిగించే కంప్యూటర్‌కు 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 సార్లు తిరిగే) హార్డ్ డిస్క్ సరిపోతుందా?

సినిమాలు, పెళ్లి వీడియోలు దాచడానికైతే సరిపోతుంది, చవక కూడా. విండోస్ మాత్రం దాని మీద వేయకండి. డేటా ఉండే పళ్లెం తిరిగి, దాన్ని చదివే హెడ్ సరైన చోటికి చేరేసరికే కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. వేల చిన్న ఫైళ్లు తెరిచేటప్పుడు మనల్ని విసిగించేది ఆ ఆలస్యమే. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో ఈ బాధ ఉండదు. పాత సాటా కనెక్షన్‌తో వచ్చే ఎస్‌ఎస్‌డీ సెకనుకు దాదాపు 550 ఎంబీ చదువుతుంది, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం, మూడో తరందైతే 3500 ఎంబీ దాకా. నేనైతే 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోమంటాను.

కంప్యూటర్ విడిభాగాల షాపులుండే బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లేముందే మదర్‌బోర్డు మాన్యువల్ చూడండి. కొన్ని ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోట్లు) సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. షాపులో ‘ఏదైనా పడుతుంది సార్’ అన్నా మాన్యువల్‌నే నమ్మండి. బిల్లు తప్పకుండా అడగండి, వారంటీకి అదే ఆధారం.