శిక్ష గురించి రాసే ముందు ఛార్జ్ మెమో చదువు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. సెలవు పెట్టకుండా ఆఫీసుకు రాలేదని ఒక జూనియర్ అసిస్టెంట్‌ను ఉద్యోగంలోంచి తీసేశారనీ, అది దారుణమనీ రాశావు. దారుణమే కావచ్చు. కానీ ఎన్నాళ్లు రాలేదు, ఎందుకు రాలేదు, ఛార్జ్ మెమోలో (ఉద్యోగిపై అభియోగాలు తెలిపే కాగితంలో) ఏం రాశారు, అందులో ఎంత రుజువైంది అన్నవి ఒక్కటీ వ్యాసంలో లేవు. అవి తెలియకుండా శిక్ష ఎక్కువైందో, సరిపోయిందో పాఠకుడు తేల్చుకోలేడు.

ముందు ఫైలును వరసలో చదువు. ఛార్జ్ మెమో, ఉద్యోగి ఇచ్చిన సంజాయిషీ, విచారణ రోజువారీ నమోదులు, విచారణాధికారి నివేదిక, దానిపై ఉద్యోగి జవాబు, చివరికి శిక్ష ఉత్తర్వు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఉత్తర్వుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అన్యాయం జరిగి ఉంటే దాని ఆనవాళ్లు సాధారణంగా అంతకు ముందు కాగితాల్లోనే ఉంటాయి.

మన దగ్గర రాష్ట్ర ఉద్యోగికి పెద్ద శిక్ష వేయాలంటే 1991 సీసీఏ రూల్స్‌లో (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాల్లో) 20వ రూలు ప్రకారం విచారణ జరగాలి. కేంద్ర ఉద్యోగికైతే 1965 రూల్స్‌లో 14వ రూలు. ఛార్జ్ మెమోకు మామూలుగా నాలుగు అనుబంధాలు ఉంటాయి: అభియోగాలు, వాటి వెనుక ఉన్న ఆరోపణల వివరం, ఆధారపడే పత్రాల జాబితా, సాక్షుల జాబితా. 'విధుల పట్ల నిర్లక్ష్యం వహించారు' అని మాత్రమే రాసి ఉంటే ఆ అభియోగం మొదట్లోనే బలహీనం. ఏ తేదీన, ఏ ఫైలులో, ఏ పని చేయలేదో చెప్పనిదే ఉద్యోగి దేనికి సంజాయిషీ ఇస్తాడు? పత్రాల జాబితా ఇచ్చి నకళ్లు ఇవ్వకపోవడం, సాక్షిని ప్రశ్నించే అవకాశం లేకుండా అతని పాత వాంగ్మూలాన్నే సాక్ష్యంగా తీసుకోవడం తరచూ జరిగే పొరపాట్లు. పోలీసుల ఎఫ్‌ఐఆర్ దానంతటదే సాక్ష్యం కాదని, పత్రాలను ఎవరో ఒకరు వచ్చి రుజువు చేయాలని రూప్ సింగ్ నేగీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఉద్యోగి విచారణకు రాకపోయినా సరే, శాఖ సాక్ష్యం చూపాల్సిందే. గైర్హాజరీ ఒప్పుకోలు కిందికి రాదు.

అయితే క్రిమినల్ కోర్టు కొలమానాన్ని ఇక్కడికి తేవద్దు. అక్కడ సందేహానికి తావులేకుండా రుజువు కావాలి, శాఖాపరమైన విచారణలో సంభావ్యత ఎటు మొగ్గుతుందన్నది చాలు. 'కోర్టులో కేసు కొట్టేశారు కాబట్టి శాఖ శిక్ష చెల్లదు' అన్న వాక్యం నీ వ్యాసంలో ఉంది. అన్నివేళలా అది నిజం కాదు. తీసేయి.

నివేదిక దశను బాగా పట్టుకో. శిక్షను ప్రతిపాదించే దశలో మళ్లీ సంజాయిషీ అడగాలన్న నియమాన్ని 1976లో రాజ్యాంగ 42వ సవరణ, ప్రభుత్వ ఉద్యోగిని తీసేయాలంటే ముందు విచారణ జరగాలనే 311వ అధికరణం నుంచి తీసేసింది. దాంతో నివేదికను ఉద్యోగికి చూపనక్కర్లేదని కొందరు అధికారులు అనుకున్నారు. హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్‌కు సంబంధించిన కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సరిదిద్దింది: విచారణాధికారి వేరే వ్యక్తి అయినప్పుడు, నిర్ణయం తీసుకోకముందే నివేదిక నకలు ఉద్యోగికి ఇవ్వాలి. ఆ తీర్పులోని రెండో సగాన్ని ఎవరూ రాయరు. నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉత్తర్వు దానంతటదే కూలిపోదు, దానివల్ల తనకు నష్టం జరిగిందని ఉద్యోగి చూపాలి. ఉత్తర్వు కొట్టేసినా, నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ మళ్లీ నడపవచ్చు. కాబట్టి 'గెలిచాడు' అని శీర్షిక పెట్టే ముందు ఏం గెలిచాడో చూడు. ఇంకొకటి: విచారణాధికారి రుజువు కాలేదన్నదాన్ని పై అధికారి రుజువైందనాలంటే, తన కారణాలను ముందుగా ఉద్యోగికి తెలిపి జవాబు వినాలి. 1998 కుంజ్ బిహారీ మిశ్రా తీర్పు అదే.

ఇక అసలు విషయం, శిక్ష తూకం. ఇక్కడ విశేషణాలు పనికిరావు, లెక్క వేసి చూపించు. ఒక ఇంక్రిమెంట్ నెలకు 1,000 రూపాయలనుకో. క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా, అంటే గడువు తర్వాత మళ్లీ కలిపేలా, ఏడాది ఆపితే నష్టం 12,000. అదే క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో, అంటే ఎప్పటికీ తిరిగి కలపకుండా, ఆపి, ఇంకా 20 ఏళ్ల సర్వీసు ఉంటే, మూలవేతనంలోనే 2,40,000 పోతాయి. దానిమీద రావాల్సిన కరువు భత్యం, చివరికి పెన్షన్‌లో కోత అదనం. ఉత్తర్వులో రెంటికీ తేడా ఒక్క ముక్కే. అందుకే క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపడం పెద్ద శిక్ష, పూర్తి విచారణ లేకుండా వేయకూడదని కుల్వంత్ సింగ్ గిల్ కేసులో తేల్చారు. సర్వీసు నుంచి తొలగించినవాడు మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అర్హుడే. డిస్మిస్ అయినవాడికి మామూలుగా ఆ దారి మూసుకుపోతుంది. నీ వ్యాసంలో రెండూ కలిసిపోయాయి.

నువ్వు రాసిన గైర్హాజరీ కేసుకు 2012 కృష్ణకాంత్ పర్మార్ తీర్పు చదువు. రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు. జబ్బో, ప్రమాదమో, ఉద్యోగి చేతుల్లో లేని కారణమో ఉంటే దాన్ని దుష్ప్రవర్తన అనలేం. నివేదికలో ఆ నిర్ధారణ ఉందా? ఉంటే ఏ సాక్ష్యం మీద? అక్కడి నుంచి నీ వాదన నడవాలి.

అదే నేరంలో ఉన్న తోటివారికి ఏ శిక్ష పడిందో కనుక్కో. ఎక్కువ పాత్ర ఉన్నవాణ్ని తక్కువతో వదిలి, తక్కువ పాత్ర ఉన్నవాణ్ని ఇంటికి పంపడం చెల్లదని 2013లో రాజేంద్ర యాదవ్ కేసులో అన్నారు. పాత మెమోలను చూసి శిక్ష పెంచితే, ఆ సంగతి ఉద్యోగికి ముందే చెప్పారా అన్నది అడుగు.

శిక్ష ఎక్కువని నీకూ నాకూ అనిపించినంత మాత్రాన కోర్టు మార్చదు. 1995 చతుర్వేది తీర్పు ప్రకారం అది న్యాయస్థానం అంతరాత్మను కలచివేసేంతగా ఉండాలి. అప్పుడు కూడా ఎక్కువగా చేసేది శిక్షను మళ్లీ ఆలోచించమని అధికారికి తిప్పిపంపడమే. 1987 రంజిత్ ఠాకూర్ కేసులో, భోజనం చేయమన్న ఆదేశం పాటించలేదని సైనికుడికి ఏడాది జైలు, డిస్మిసల్ వేశారు. తాను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే తీర్పు చెప్పినవారిలో ఉన్నాడు. ఆ స్థాయి ఉంటేనే కోర్టు కదులుతుంది. మరోవైపు, టికెట్ డబ్బు జేబులో వేసుకున్న కండక్టర్ల కేసుల్లో మొత్తం చిన్నదన్న వాదన సుప్రీంకోర్టులో నిలవలేదు. ప్రజల డబ్బు నమ్మి అప్పగించిన ఉద్యోగం అది. ఆ కేసుల్లో తొలగింపును 'కఠినం' అని రాయడానికి నాకు మనసొప్పదు, నువ్వూ రాయకు. లంచం ఇచ్చుకుని పని చేయించుకున్న మనిషి కూడా నీ పాఠకుడే.

311వ అధికరణాన్ని అందరికీ అంటగట్టకు. అది ప్రభుత్వ సివిల్ పోస్టుల్లో ఉన్నవారికే. బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు వాళ్ల సొంత రెగ్యులేషన్లు, సహజ న్యాయ సూత్రాలు వర్తిస్తాయి.

సస్పెన్షన్‌ను శిక్ష అని రాయకు, రూల్స్ అలా చూడవు. దాని బాధను మాత్రం వివరంగా రాయి. మొదట్లో చేతికొచ్చే జీవనభృతి సగం జీతపు సెలవులో వచ్చేంతే, దానిపై కరువు భత్యం. అది కూడా ఆపేస్తే ఉద్యోగి దూరాన జరిగే విచారణకు ఛార్జీలు పెట్టుకుని రాలేడు. పాల్ ఆంథోనీ కేసులో 1999లో ఏకపక్ష విచారణ నిలవకపోవడానికి అదొక కారణం. మూడు నెలల్లో ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ అంతకు మించి కొనసాగకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి తీర్పు చెప్పింది. కాబట్టి తేదీలు రాసుకో: సస్పెండ్ చేసిందెప్పుడు, మెమో అందిందెప్పుడు.

అచ్చుకు పంపే ముందు శాఖ వివరణ అడుగు, ఇవ్వకపోతే అడిగామని రాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదు అయితే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసినామె, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, సాక్షుల వివరాలు బయటపెట్టకూడదు. పేరు తీసేసి హోదా, మండలం, ఆఫీసు ఉంచితే సరిపోదు. నలుగురే పనిచేసే చోట అవి పేరుతో సమానం, వాటినీ తీసేయి.

సవరించిన ప్రతితో పాటు ఛార్జ్ మెమో, నివేదిక నకళ్లు కూడా పంపు. రెండూ పక్కన పెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి