పాఠకుల ప్రశ్నలు: ఫోనులో అద్దంలా ఉన్న ఫొటో గోడ మీదికి ఎందుకు రాదు?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డాలస్‌లో ఉంటారు. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. అందులో ఒకదాన్ని 12 బై 18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టిద్దామని స్టూడియోకు తీసుకెళ్తే, ‘ఇంత పెద్దది చేస్తే పగిలిపోతుందమ్మా’ అన్నారు. ఫోనులో చూస్తే పాప కనురెప్పలు కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. లోపం ఫొటోలో ఉందా, స్టూడియోలో ఉందా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: రెండింటిలోనూ లేదండీ, ఫొటో మీకు చేరిన దారిలో ఉంది. మీ అబ్బాయి ఫోను తీసిన ఫొటో 12 మెగాపిక్సెళ్లదే అనుకుందాం. అంటే పొడవులో 4000, వెడల్పులో 3000 చుక్కలు, మొత్తం ఒక కోటీ ఇరవై లక్షలు. వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు, డేటా ఆదా కోసమూ త్వరగా చేరడం కోసమూ, ఆ యాప్ ఫొటోను పొడవులో సుమారు 1600 చుక్కలకు కుదించి పంపుతుంది. అలా మీకు చేరినవి దాదాపు 19 లక్షల చుక్కలే. అసలు దానిలో ఆరో వంతు కూడా కాదు. అరచేయంత తెర మీద ఆ తేడా కంటికి ఆనదు కనుకనే మీకు కనురెప్పలు కనిపించాయి. అదే ఫొటోను 18 అంగుళాల పొడవుకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా మిగలవు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలుండాలని స్టూడియోవారు కోరుకుంటారు. గోడ మీద వేలాడేదానికి 200 ఉన్నా సరిపోతుంది. కాబట్టి ఆయన మీకు నిజమే చెప్పారు, అడ్వాన్సు పుచ్చుకుని మసక ప్రింటు చేతిలో పెట్టకుండా ముందే చెప్పడం ఆయన మంచితనం కూడా.

అసలు ఫొటో మీ అబ్బాయి ఫోనులో ఉండే ఉంటుంది. దాన్ని ఫొటోగా కాక ‘డాక్యుమెంట్’గా పంపమనండి, అలా పంపితే వాట్సాప్ దాన్ని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. 2023లో వచ్చిన ‘హెచ్‌డీ’ ఎంపిక మామూలు పద్ధతికన్నా మేలే కానీ, అందులోనూ కొంత కుదింపు ఉంటుంది. వేడుక మొత్తం ఫొటోలు కావాలంటే గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్‌గా చేసి లింకు పంపడం సులువు. అయితే అక్కడ ఉచితంగా దొరికే 15 జీబీ చోటులోనే మెయిళ్లూ, ఇతర ఫైళ్లూ సర్దుకోవాలి; ఎన్ని ఫొటోలైనా ఉచితమన్న సదుపాయం 2021 జూన్‌తో ముగిసింది.

మరొక మాట. ఫోను ఫొటో పొడవు వెడల్పులు సాధారణంగా 4కు 3 వంతున ఉంటాయి, 12 బై 18 ఫ్రేమేమో 3కు 2 వంతు. అసలు ఫొటో తెచ్చి ఇచ్చినా పైనో కిందో కొంత కత్తిరించక తప్పదు, ఆ కత్తిరింపులో పాప తలమీద చెయ్యి వేసిన మేనమామ వేళ్లు పోవచ్చు. 12 బై 16 అడిగితే ఆ చిక్కు ఉండదు. ఇక, మసక ఫొటోను పదును పెట్టి ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. పోయిన వివరాన్ని అవి తిరిగి తేలేవు, ఊహించి పూరిస్తాయి. చివరికి గోడ మీద ఉండేది మీ మనవరాలిని పోలిన ఇంకో పాప.

ప్రశ్న: కార్తికమాసంలో దీపాల దగ్గర పిల్లలను తీస్తే ముఖాలు అలుక్కుపోతున్నాయి, దీపమేమో తెల్లటి ముద్దలా వస్తోంది. ఖరీదైన ఫోను కొనవలసిందేనా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: కొనే ముందు కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి చూడండి. జేబులో మురికీ వేళ్ల జిడ్డూ అంటిన అద్దం ఏ దీపాన్నయినా పొగమంచులో దీపంలాగే చూపిస్తుంది. ఆ తరువాత సంగతి వెలుతురుది. చీకటిలో తగినంత వెలుగు పోగుచేసుకోవడానికి కెమెరా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో మీ చెయ్యి వణికినా, పిల్లవాడు తల తిప్పినా ముఖం అలుక్కుపోతుంది. నైట్ మోడ్ వరుసగా అనేక ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది కనుక కదలని గుడి గోపురానికి బాగా పనికొస్తుంది, చిచ్చుబుడ్డి చుట్టూ గెంతే పిల్లలకు అంతగా పనికిరాదు. దీపం ముద్దలా రావడానికి కారణం వేరు: చుట్టూ చీకటిని చూసి ఫోను మొత్తం దృశ్యాన్ని వెలిగించబోతుంది. తెర మీద దీపశిఖపై వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. గదిలో ఇంకో దీపం ముఖాలకు ఎదురుగా, ఫొటోలో పడకుండా పెడితే చాలావరకు పని అయిపోతుంది. మీరు మోచేతులు గోడకో స్తంభానికో ఆనించుకోండి. ఫ్లాష్ వేస్తే ముఖాలు తెలుస్తాయి గానీ ఆ వెచ్చని వెలుగు పోతుంది, దానికోసమే కదా ఫొటో తీయబోయింది. జూమ్ చేయడం కంటే రెండడుగులు ముందుకు వేయడం మంచిది, ఎందుకంటే మామూలు ఫోన్లలో చాలావరకు జూమ్ అంటే అంచులు కత్తిరించి మధ్యభాగాన్ని పెద్దది చేయడమే.

ప్రశ్న: పక్కింటి అమ్మాయి సీమంతం ఫొటోలు మా వీధి గ్రూపులో పెట్టాను. వాళ్ల అత్తగారు నొచ్చుకున్నారు. నేను చేసిన తప్పేమిటి? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అడగకపోవడం. పేరంటానికి పిలిచినవారు మిమ్మల్ని పిలిచారు, వీధి గ్రూపును పిలవలేదు. ‘అందరికీ తొలగించు’ అనే సదుపాయంతో వెంటనే తీసేయండి. రెండు రోజులు దాటి కొన్ని గంటల వరకే అది పనిచేస్తుంది, అప్పటికే ఎవరైనా దాచుకున్న ప్రతి మాత్రం వెనక్కి రాదు. పసిపిల్లల ఫొటోల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. మొదటి జవాబులో చెప్పిన డాక్యుమెంట్ పద్ధతిలో పంపిన ఫొటోతోపాటు, ఫోనులో ఆ అమరిక ఉంటే, తీసిన చోటూ సమయమూ కూడా వెళ్తాయి. కనుక ఆ పద్ధతిని ఇంటివాళ్లకే ఉంచండి. ఆ అత్తగారికి ఒక ఫొటో ప్రింటు తీయించి మీరే వెళ్లి ఇస్తే బాగుంటుంది. 4 బై 6 సైజయితే వాట్సాప్‌లో వచ్చినది కూడా సరిపోతుంది.