చందా అయిపోతోందని ఫోన్ వస్తే ముందు రేపర్ మీద తేదీ చూడండి

పత్రిక చందా ముగిసిపోతోంది, వెంటనే రెన్యువల్ చేయించుకోండి అని పదే పదే ఫోన్లు వస్తున్నాయి, కట్టాలా అని అడిగారు. కట్టొద్దు. పత్రిక వచ్చే రేపర్ మీద మీ పేరు, అడ్రస్ ఉన్న చీటీ చూడండి. చాలా పత్రికలు చందా ఏ నెలతో అయిపోతుందో అక్కడే అచ్చు వేస్తాయి.

మా అమ్మకు ఇది తెలియదు. ఫోన్ చేసిన అమ్మాయి ఎంతో మర్యాదగా "మీ చందా గురించేనమ్మా, అడ్రస్ ఒకసారి సరిచూసుకుందామని" అంది. ఇంటి నంబరు చదివితే అమ్మ "అవునండి" అంది. పాత కార్డేనా అంటే "అవునండి". ఇప్పుడు రికార్డింగ్ పెడుతున్నాం, అన్నిటికీ అవునంటే చాలమ్మా అంది. రెండు నెలలకు అమ్మ ఎన్నడూ అడగని నాలుగు పత్రికలు రావడం మొదలైంది.

పాత రేపర్ వెతికి చూస్తే అసలు చందాకు ఇంకా పదకొండు నెలల గడువుంది! గట్టిగా అడిగితే వాళ్లు రికార్డింగ్ వినిపించారు. మొదట చెప్పిన తియ్యటి మాటలేవీ అందులో లేవు. చివరి నిమిషం మాత్రమే ఉంది, అమ్మ గొంతుతో "అవునండి, అవునండి". అది వింటూ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అసలు పత్రికవాళ్ల తప్పు కూడా ఉంది. చందా కట్టినప్పుడు అమ్మ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఈ నాలుగింటి మీదా అదే తప్పు. జాబితా అక్కడి నుంచే బయటికి వెళ్లింది, నాకు అనుమానమే లేదు. చందాదారుల అడ్రస్‌లు అద్దెకివ్వడం ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్నదే.

అమాయకులే మోసపోతారు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2020 అక్టోబరులో అమెరికాలోని మిన్నెసోటాలో ఇలాంటి ఫోన్ల మోసానికే 60 మంది మీద కేసులు పెట్టారు. 1,50,000 మందికి పైగా బాధితులు, 30 కోట్ల డాలర్ల మోసం అని ఆరోపణ. ఉన్న చందా ఖర్చు తగ్గిస్తామంటూ కొత్త చందాలు అంటగట్టారట. అంతమందీ తెలివితక్కువవాళ్లేనా?

ఫోన్ పెట్టేసి, పత్రికలో అచ్చయిన నంబరుకు మీరే చేయండి. కార్డు చివరి నాలుగు అంకెలు కూడా చెప్పొద్దు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా మాకు సగం డబ్బే వెనక్కి వచ్చింది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అమ్మ ఇప్పుడు "అవునండి" అనదు. "మీరెవరు, ఎక్కడి నుంచి?" అని ముందు తనే అడుగుతుంది.